పొడుం పాట

అంబాజీపేట సెంటర్లో ఎవర్నయినా అడగండి,
నేలపూడి దైవసహాయం అంటే తెలీదంటారు.
పొడుం పాట కట్టినాయన అనండి,
సోడాబండి కుర్రాడు కూడా
సీసా మెడ మీద వేలితో దరువు మొదలెడతాడు.

ఆయన హార్మనీ పెట్టె పక్కన
క్లారినెట్టు పట్టుకుని పద్నాలుగేళ్లు కూర్చున్నాను.
ఇది నేను కాక ఎవరు చెబుతారు?

గన్నవరం అక్విడెక్టు దాటాక బస్సు టైరు పేలింది.
మిట్టమధ్యాహ్నం.
వెనక సీట్లో పొడుం కంపెనీ గుమస్తా.
"ఓ ముక్క రాసిపెట్టండి మాస్టారూ,
రిక్షా మైకులో వేయించుకుంటాం, ఆయ్" అన్నాడు.
టైరు మార్చేలోపు అయిపోయింది,
సిగరెట్టు పెట్టె అట్ట లోపలి వైపు, మూడు వరసలు.
నలభై రూపాయలిచ్చారు, డజను పొడుం డబ్బాలు.
ఆయనకి పొడుం అలవాటు లేదు.
ఒక డబ్బాలో గుండుసూదులు పోసుకున్నాడు,
మిగతావి పంచేశాడు.

నెల తిరక్కుండా ఆ మూడు వరసలు
పంటు ఎక్కి బోడసకుర్రు రేవు దాటాయి.
దింపు కార్మికుల నోట కొబ్బరిచెట్టు మొవ్వుదాకా పాకాయి,
ఊడ్పుల్లో నడుం వంచాయి,
ఎలక్షన్లలో పొడుం తీసేసి గుర్తు పెట్టుకున్నాయి.
రాజోలులో ఒక పెళ్లికొడుకు
అది వాయిస్తేగాని కదలనని
జీపు బానెట్టు మీద మఠం వేసుక్కూచున్నాడు.
వాయించాం. ఏం చేస్తాం.
మాస్టారు ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ఆయన పాట వేరే ఉంది.
పదకొండేళ్లు కట్టాడు దాన్ని.
చీకట్లో వలేసినవాళ్లకి
చేప పడకపోయినా ఫర్లేదు,
తెల్లారేదాకా తోడుండు తండ్రీ అని అడిగే పాట.
పల్లవి పాటుకి వచ్చిన నీరులా పైకి తెలీకుండా పెరుగుతుంది.
చరణం మధ్యలో ఒక్కచోట గాలి పడిపోతుంది,
తెరచాప వాలినట్టు.
అక్కడ ఎనిమిది మాత్రలు ఎవరూ ఏమీ వాయించకూడదు.
"ఆ ఎనిమిదే పాటరా, మిగతాదంతా దానికి కట్టిన గట్టు" అనేవాడు.

తొంభైయారు తుఫానుకి ఇంటికప్పు లేచిపోయింది.
లెక్కల పుస్తకంలో రెండో చరణం
నీలం మరకయింది.
"నాకు నోటికొచ్చులే" అన్నాడు.
ప్రతిసారీ ఒకలా పాడాడు,
ప్రతిసారీ ఇదే అసలుది అన్నాడు.
గుడ్ ఫ్రైడేకి చర్చిలో రెండేళ్లు పాడారు.
తరవాత పాస్టరుగారు, బాగుంది గానీ పొడుగండి, అన్నారు.

చివర్లో అమలాపురం ఆసుపత్రి, మూడో నంబరు మంచం.
నరం దొరక్క చేయి తడుముతూ
నర్సు పిల్ల తనలో తను కూనిరాగం తీస్తోంది.
అదే. పొడుం పాటే.
కరుణమ్మగారు నావైపు భయంగా చూశారు.
మాస్టారు కళ్లు మూసుకుని విన్నాడు.
"రెండో వరసలో గాంధారం దించేస్తున్నావమ్మా" అన్నాడు.
సూది గుచ్చుతుండగా నేర్పాడు,
మూడుసార్లు, ఆ పిల్లకి కుదిరేదాకా.
ఆయన గొంతులో ఆ పాట వినడం
నాకదే మొదలు.

పెట్టె మోస్తున్నప్పుడు మేం ఆ రెండోదే వాయించాం,
పట్టుబట్టి, మొత్తం.
ఎనిమిది మాత్రల దగ్గర అందరం ఆగాం.
కాలవ అవతల
ఎవడిదో సెల్లు మోగింది.
ఏ వరసో చెప్పక్కర్లేదుగా.
డోలు నూకరాజు నవ్వాపుకోలేక ఏడ్చేశాడు.

తరవాత ఓ రాత్రి తలుపేసుకుని
పొడుం పాటని నెమ్మదిగా, బాగా నెమ్మదిగా వాయించి చూశాను,
లోపల ఆ పెద్దపాట దాక్కుని ఉంటుందేమోనని.
లేదు.
అది పొడుం పాటే.
మంచి పాట.

రెండో చరణం నాకూ సరిగ్గా రాదు.
నేనూ ప్రతిసారీ ఒకలా వాయిస్తాను,
ఇదే అసలుదని కుర్రాళ్లకి చెబుతాను.

గుండుసూదుల డబ్బా కరుణమ్మగారు నాకిచ్చారు.
అందులో రీడ్లు దాచుకుంటున్నాను.
ఇన్నేళ్లయినా
మూత తీస్తే తుమ్మొస్తుంది.